మేకు కొట్టిన తేదీ

నేను ఒక మైలురాయిని. వెంటనే రోడ్డు పక్కకి చూడకండి. అక్కడ రంగు పూసుకుని కిలోమీటర్లు చెప్పే రాయి వేరు, దానికి నాకున్న అవస్థల్లో ఒక్కటి కూడా లేదు. నేనుండేది కంప్యూటర్ తెర మీద. ప్రాజెక్టు షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్‌లో పనులన్నీ నీలం రంగు పట్టీల్లా బారుగా పడుకుని ఉంటాయి కదా, వాటి మధ్య అక్కడక్కడా కొన మీద నిలబెట్టిన బర్ఫీ ముక్కలాంటి నల్లటి గుర్తు కనిపిస్తుంది. అది నేను. నా నిడివి సున్నా రోజులు. నేను పనిని కాను, పని అయిపోయిందని చెప్పే సాక్షిని. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

నన్ను పుట్టించింది నూకరత్నం. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున మొగపేట అని మత్స్యకారుల ఊరు, ఆ ఊరి పిల్లే. సివిల్ డిప్లొమా చదివి, వాళ్లింట్లో మొదటిసారి కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకుంది. ఉద్యోగం కూడా సొంత ఊళ్లోనే. రేవు దగ్గర చేపల వేలానికి పెద్ద హాలు కట్టే కాంట్రాక్టు కంపెనీకి షెడ్యూలు చూసుకునే పని. ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు, ఒక ల్యాప్‌టాప్, తిరిగినప్పుడల్లా కిర్రుకిర్రుమనే ఫ్యాను.

ఆ హాలంటే ఊరి ఆడవాళ్లకు ప్రాణం. పడవలు తెచ్చిన చేపను ఇసుకలో పోసి, నెత్తి మీద తువ్వాలేసుకుని, ఎండయినా వానయినా అక్కడే అమ్మేవాళ్లు. నూకరత్నం తల్లి పోలమ్మ ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అదే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట నిషేధం. జూన్ పద్నాలుగుతో అది తీరిపోతుంది, పదిహేనున పడవలు సముద్రంలోకి వెళ్తాయి. అందుకని ఊరి పెద్దలు ముందే అనుకున్నారు. పన్నెండో తేదీన గంగమ్మకు మొక్కుబడి కొత్త హాల్లోనే, మూడు వందల మంది ఆడవాళ్లు ఘటాలెత్తుకుని, డప్పులతో. కంపెనీ వాళ్లు సరేనన్నారు. సరేననడానికి ఏం పోయింది వాళ్లకి!

నూకరత్నం షెడ్యూల్లో ఒక కొత్త వరస తెరిచి, 'సెంట్రింగ్ తీయవచ్చు' అని టైపు చేసి, నిడివి దగ్గర సున్నా కొట్టింది. అలా పుట్టాను. శ్లాబు పోసేటప్పుడు కింద పలకలు పరిచి, వాటిని వరసగా నిలబెట్టిన గుంజలతో మోయిస్తారు, సెంట్రింగంటే అదే. కాంక్రీటు తన బరువు తాను మోసుకునేదాకా ఆ గుంజలు తీయకూడదు. ఈ హాలుకు ఉన్నవి పెద్ద పెద్ద దూలాలు కాబట్టి ఇరవై ఒక్క రోజులు ఆగాలని డ్రాయింగులో రాసి ఉంది. ఆ పిల్ల నన్ను శ్లాబుతో ఇరవై ఒక్క రోజుల దూరంలో ముడివేసింది. శ్లాబు మే పద్దెనిమిదిన, నేను జూన్ ఎనిమిదిన. శ్లాబు జరిగితే నేనూ జరుగుతాను. నా పక్కనే జూన్ పదో తేదీ మీద ఒక చిన్న బాణం గుర్తు కూడా పెట్టింది. దాన్ని గడువంటారు. గడువు ఎవరినీ కట్టి పడేయదు. నేను దాన్ని దాటి వెళ్తే మాత్రం వరస పక్కన ఎర్రగా వెలిగి గోల చేస్తుంది, అంతే. చక్కటి ఏర్పాటు. ఎవరూ వేలు పెట్టకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

సైటు మేనేజరు త్రినాథరావు గారికి మొట్టమొదట నా సున్నా నచ్చలేదు.

"సున్నా రోజులేంటమ్మా? హెడ్డాఫీసు వాళ్లు చూస్తే మనం ఇక్కడ గోళ్లు గిల్లుకుంటున్నామనుకుంటారు. కనీసం ఒక్క రోజైనా వెయ్యి."

"అది పని కాదు సార్, గుర్తు..."

"వెయ్యమన్నానా!"

వేసింది. నేను బర్ఫీ ముక్కనల్లా పోయి పొట్టి నీలం పట్టీనయ్యాను. వారం రోజులు ఆ వేషంలో ఉన్నాను, సిగ్గుతో చచ్చాననుకోండి. చివరికి హెడ్డాఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి మీ మైలురాళ్లేవీ కనిపించడం లేదేమని అడిగితే, త్రినాథరావు గారు ఆ పిల్ల వైపు తిరిగి, "చూసుకోవాలి కదమ్మా" అన్నారు. మళ్లీ సున్నా అయ్యాను.

అక్కడితో ఆగితే బాగుండును. సోమవారం సోమవారం మీటింగు పెట్టి ప్రతి వరసకూ ఎంత శాతం అయిందని అడుగుతారు. నా వంతు వచ్చేసరికి త్రినాథరావు గారు పైకప్పు వైపు చూసి, "అరవై" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నాలో అరవై శాతమెక్కడిది? గుంజలు తీయొచ్చా, తీయకూడదా, రెండే మాటలు. అరవై శాతం తీయొచ్చంటే ఏమిటర్థం, అరవై గుంజలు తీసేసి నలభై ఉంచమనా? ఆ పిల్ల కూడా అదే అడగబోయి, పక్కనున్న వాళ్లందరూ తలకాయలూపడం చూసి అరవై అని టైపు చేసేసింది. మీటింగుల్లో మనుషులు తలూపే తీరు చూస్తే, మెడలో స్ప్రింగేమైనా పెట్టి పంపిస్తారా అనిపిస్తుంది.

సరే, అదంతా తమాషా కింద సరిపెట్టుకోవచ్చు. మే నెలలో వచ్చింది అసలు తంటా.

పద్దెనిమిదిన పోయాల్సిన శ్లాబు పోయలేదు. కాంక్రీటు పైకి తోసే పంపు పాడైపోయింది. దాని సామాను విశాఖపట్నం నుంచి రావాలి, వచ్చింది సరిపోలేదు, మళ్లీ వెనక్కి పంపారు. ఎట్టకేలకు మే ఇరవై తొమ్మిదిన పోశారు. నూకరత్నం ఆ సాయంత్రమే అసలు తేదీ ఎక్కించింది. నేను నా కర్తవ్యంగా పదకొండు రోజులు ముందుకు జరిగి జూన్ పంతొమ్మిది మీద నిలబడ్డాను. బాణం గుర్తు ఎర్రగా వెలిగింది. మేమిద్దరం చెప్పాల్సింది చెప్పేశాం. పన్నెండున హాల్లో పూజ కుదరదు, తేదీ మార్చుకోండి, ఇంకా రెండు వారాల టైముంది. అదే కదా మమ్మల్ని పెట్టుకున్నది!

త్రినాథరావు గారు తెర చూసి తల పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. ఇంతకుముందు రెండు సైట్లు ఆలస్యమై రెండుసార్లూ మాటపడ్డాడు. ఊరి పెద్దల ముందు గుండె మీద చెయ్యేసుకుని పన్నెండో తేదీ అని చెప్పినవాడు ఆయనే. ఇప్పుడు వెళ్లి కాదని చెప్పడానికి నోరు పెగల్లేదు. మనుషుల దగ్గర నోరు పెగలనివాళ్లు కంప్యూటర్ దగ్గర మహా శూరులవుతారు. మౌసు లాక్కుని, నన్ను పట్టుకుని, 'ఈ తేదీకే ముగియాలి' అనే నిబంధన తగిలించి, జూన్ ఎనిమిదికి లాగి మేకు కొట్టేశారు.

సాఫ్ట్‌వేర్ ఊరుకోలేదు పాపం. ఒక పెట్టె తెరిచి, ఈ తేదీకీ ముందున్న పనికీ పొసగడం లేదు, కొనసాగించాలా అని అడిగింది. ఆయన చదవనైనా చదవకుండా 'సరే' నొక్కారు. మీలో ఆ పెట్టె చదివినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఒకసారి దణ్ణం పెట్టుకుంటాను. నేను గడువు దాటలేదు కాబట్టి ఎర్ర గుర్తు ఆరిపోయింది. వెసులుబాటు చూపించే నిలువు వరసలో మాత్రం మైనస్ పదకొండు రోజులని అంకె మిగిలింది. ఉన్న టైము కంటే పదకొండు రోజులు ఎక్కువ కావాలని దానర్థం. ఆయన ఆ వరసను కూడా దాచేశారు. తెర కడిగిన పళ్లెంలా ఉంది.

"చూశావా? ఇప్పుడు బాగుంది" అన్నారు.

"సార్, తేదీ మారింది గానీ శ్లాబు మారలేదు కదా. ఎనిమిదో తేదీకి పది రోజులే అవుతాయి."

"ఈ ఎండలు చూస్తున్నావా? మామూలు ఎండలా ఇవి? ఊరికే ఆరి గట్టిపడిపోతుంది."

"ఎండకి ఆరితే గట్టిపడదు సార్. తడి ఉంటేనే గట్టిపడుతుంది. అందుకే కదా మనం రోజూ నీళ్లు కడుతున్నది."

ఆయన ముఖం మాడిపోయింది. "నూకరత్నం, నీ పని తేదీలు టైపు చెయ్యడం. ఇంజినీరింగు నేను చూసుకుంటాను."

ఆ పిల్ల ఉద్యోగానికి కొత్త. ఫైలు సేవ్ చేసి ప్రింటు నొక్కింది. షెడ్యూలు రంగుల్లో ప్రింటయ్యి హెడ్డాఫీసుకు పోయింది, ఒక కాపీ షెడ్డు గోడకు అంటించారు. హెడ్డాఫీసు వాళ్లు ఒక్క ఎర్ర గుర్తు కూడా లేదని మెచ్చుకుని జవాబు పంపారు. నేను గోడ మీద అబద్ధం చెబుతూ నిలబడ్డాను. నాకు నోరుంటే ఊరంతా వినేలా కేకలేసేదాన్ని. లేదు. నాకున్నదల్లా ఒక తేదీ, దాన్ని కూడా లాక్కున్నారు.

ఏడో తేదీన సెంట్రింగ్ మేస్త్రీ అప్పలసూరి షెడ్డుకొచ్చాడు. ముప్పై ఏళ్ల నుంచి శ్లాబులు మోయించినవాడు, చేతి వేళ్ల మీదే రోజులు లెక్కపెట్టుకునే మనిషి. గోడ మీది కాగితం దగ్గరికొచ్చి నన్ను వేలితో పొడిచాడు.

"ఏటి బాబూ, రేపే తీసెయ్యమంటన్నారట? మొన్న గదా పోసినాం. నాకు తెలిసినకాడికి ఇంకా పదకొండు రోజులుండాల."

"కంప్యూటర్ లెక్క సూరీ అది. అన్నీ చూసుకునే వేస్తుంది. హెడ్డాఫీసు కూడా ఒప్పుకుంది" అన్నారు త్రినాథరావు గారు.

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "కంపూటరే సెప్పిందంటే మరి నానేటనగలను. మీరు సదూకున్నోళ్లు." అని వెళ్లిపోయాడు.

రామ రామ! ముప్పై ఏళ్ల అనుభవం బర్ఫీ ముక్కంత గుర్తు ముందు చేతులు కట్టుకుని నిలబడడం నేను నా కళ్లతో చూశాను. అయ్యా, నాకు ఏమీ తెలియదు. నేను కాంక్రీటు చూసినదాన్ని కాదు, ముట్టుకున్నదాన్ని కాదు. నాలో ఏది పోస్తే అది చూపిస్తాను. ఆ దూలాన్ని అరచేత్తో తట్టి చూసినవాడు నువ్వు, నన్నడుగుతావేం!

మూల బల్ల దగ్గర కూర్చున్న నూకరత్నం ఆ మాటలన్నీ విన్నది. ఆ రోజంతా ఒక్క అక్షరం టైపు చెయ్యలేదు. మా ఫైలు తెరవడం, నా మీద మౌసు పెట్టడం, మూసెయ్యడం, మళ్లీ తెరవడం. మధ్యాహ్నం పోలమ్మ అన్నం క్యారేజీ తెచ్చిచ్చి, హాలు వైపు చూసి మురిసిపోయింది. "ఒలే నూకీ, మధ్య దూలం కింద జాగా నాకే ఇత్తామన్నారే. ఘటం కూడా ఆడే దించుతాం" అంది. ఆ పిల్ల క్యారేజీకి మళ్లీ మూత పెట్టేసింది.

ఎనిమిదో తేదీ పొద్దున్న ఎనిమిది గంటలకు అప్పలసూరి మనుషులు సుత్తులూ గునపాలూ పట్టుకుని శ్లాబు కిందికి దిగారు. దిగేసరికి మధ్య దూలం కింద, గుంజల నడుమ, బోర్లించిన ఇసుక తట్ట మీద ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని నూకరత్నం కూర్చుని ఉంది.

"ఓలమ్మా, నువ్వెందుకిక్కడ? లెగు లెగు, గుంజలు కొట్టాల" అన్నాడు మేస్త్రీ.

"కంప్యూటర్ చెప్పిందనే కదా మావా కొడుతున్నారు? కంప్యూటర్ ఏం చెబుతోందో నువ్వే చూడు. ఇదిగో, ఈ నల్ల గుర్తు. దీన్ని ఇక్కడ పెట్టింది కంప్యూటర్ కాదు, మనిషి. ఇప్పుడు ఆ కట్టు విప్పుతున్నాను, చూస్తూ ఉండు."

మౌసు లేదు కదా, వేలితోనే నిబంధన వెతికి తీసేసింది. ఇక నేను ఆగుతానా! ఒక్క గెంతులో పంతొమ్మిదో తేదీకి వెళ్లి పడ్డాను. గడువు బాణం ఎర్రగా భగ్గుమంది. దాచిపెట్టిన నిలువు వరసను కూడా బయటికి తీసింది. పది రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది నాకు.

అప్పలసూరి వంగి తెర చూశాడు, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు, పైనున్న దూలం వైపు చూశాడు. "ఇరవయ్యొక్క రోజులు. నానూ అదే గదా అన్నాను!" అని సుత్తి కింద పడేశాడు. "ఒరే, సామాన్లెత్తండ్రా. ఇయ్యాల కొట్టేది లేదు."

త్రినాథరావు గారు పరుగున వచ్చారు. అరిచారు, బతిమాలారు, మళ్లీ అరిచారు. "లే అక్కణ్ణుంచి! నీ ఉద్యోగం పోతుంది, తెలుస్తోందా?"

"తెలుసు సార్. మూడు వందల మంది దీని కింద డప్పులతో ఆడతారు. మా అమ్మ సరిగ్గా ఇక్కడే ఘటం దించుతుంది. కొట్టించాలనుకుంటే కొట్టించండి, నేను లేవను."

సుత్తి పట్టేవాడే లేకపోతే ఆయనేం చేస్తాడు? ఫైలును మళ్లీ తెరిచి నాకు మేకు కొట్టడం కుదురుతుంది గానీ, మేస్త్రీ మనసుకు కొట్టడం కుదరదు. మర్నాటి నుంచి నూకరత్నాన్ని రావద్దన్నారు. షెడ్యూల్లో మనుషుల పేర్లుండే జాబితా నుంచి ఆమె పేరు తీసేస్తే నా వరస పక్కన గడి ఖాళీ అయిపోయింది.

ఊళ్లో ఆమెను నెత్తిన పెట్టుకున్నారనుకుంటున్నారా? భలేవారే! పన్నెండున పూజ ఇసుకలోనే జరిగింది, పదిహేనున మొదటి వేట చేప కూడా ఇసుకలోనే పోశారు. ఆ రోజే వాన దంచేసింది. తడిసి ముద్దయిన ఆడవాళ్లు షెడ్డు చూరు కిందికి వచ్చి నిలబడి తిట్టిన తిట్లు గోడ మీదున్న నేను విన్నాను. "ఎదురుగా అంత శ్లాబుంటే తడిసి సావాల్సొచ్చింది. ఈ గుంట సదువు తగలెయ్య!" అని ఒకావిడ అంటే, పోలమ్మ కూడా కొంగు పిండుకుంటూ, "నా కడుపున పుట్టి నన్నే వానలో నిలబెట్టినాది" అంది. ఉద్యోగం పోయిన కోపం కూడా అందులో ఉంది. కన్నతల్లి కదా, ఆ మాట అనేశాక అటు తిరిగి ముఖం తుడుచుకుంది.

పంతొమ్మిదో తేదీన అప్పలసూరి తన మనుషులతో వచ్చి, సుత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆయనకొక అలవాటుంది. మొదటి గుంజ కొట్టేటప్పుడు శ్లాబు కింద తాను తప్ప మరొకరు ఉండకూడదు. "నా పనికి నానే పూచీ" అంటాడు. ఆ రోజు మాత్రం, "పోలమ్మ కూతురొచ్చేదాకా సుత్తి ఎత్తను. ఈ శ్లాబుకి నాతో పాటు అదీ పూచీయే" అని కూర్చున్నాడు. మనిషిని పంపించారు. ఆమె వచ్చి మేస్త్రీ పక్కన నిలబడింది. దెబ్బ పడింది, గుంజ జారింది, ఒకటి తర్వాత ఒకటి అన్నీ తీశారు. శ్లాబు కాస్తయినా మూలగలేదు. అంతా చప్పట్లు కొట్టారు. త్రినాథరావు గారు కూడా కొట్టారు. తర్వాత షెడ్డుకొచ్చి నా వరస తెరిచి వంద శాతం అని ఆయనే టైపు చేశారు. పుట్టిన దగ్గర్నుంచి నా గురించి ఎక్కించిన నిజమైన శాతం అదొక్కటే.

కానీ ఆ శ్లాబు అంత గట్టిగా నిలబడడమే ఆ పిల్ల కొంప ముంచింది. "పదో రోజు తీసినా నిలబడేదే, ఊరికే రాద్ధాంతం చేసింది" అన్నారంతా. నిలబడేదేమో, నాకూ తెలియదు. పడేదని ఇప్పుడు ఎవరు రుజువు చెయ్యగలరు? పడి ఉంటే ఆమె మాట నిజమని అందరూ ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోవడానికి ఎవరు మిగిలేవారో గానీ.

ప్రస్తుతం నేను హెడ్డాఫీసులో ముగిసిన ప్రాజెక్టులను పడేసే చోట ఉన్నాను. తుక్కు కొట్టు లాంటిదే. ఇక్కడ ఇనుము తుప్పు పట్టదు, ఎవరూ తెరవరు, అంతే తేడా. నాతోపాటు వేల మైలురాళ్లున్నాయి. చాలావాటికి ఇంకా మేకులు కొట్టే ఉన్నాయి, అవి ఏ తేదీని దాచాయో అడిగినవాడు లేడు. నా పక్కనే మొగపేట హాలు చివరి నివేదిక ఉంది. మైలురాయి, సెంట్రింగ్ తీయవచ్చు. ఆలస్యం, పదకొండు రోజులు. కారణం, షెడ్యూలు సహాయకురాలు బి. నూకరత్నం.

హాలు మాత్రం బాగుందట. మధ్య దూలం కింద పోలమ్మ చేప అమ్ముతోందట. ఆ నివేదికలో ఆలస్యానికి గడి ఉంది, కారణానికి ఉంది, బాధ్యుల పేరుకు ఉంది. పన్నెండో తేదీన ఎవరికీ ఏమీ కాలేదని రాయడానికి మాత్రం గడి లేదు.